చిత్రాక్షర రచన: ఏది ముందు, ఏది వెనుక?

మధ్యయుగములందు ఐరోపా మఠములలోను, నగరములలోని లేఖకుల కార్ఖానాలలోను తయారైన వ్రాతప్రతుల చిత్రములను ఏ పుస్తకమునందో, ఏ ఫోను తెరపైననో చూచి, పుట మొదట బంగారు మేనితో, నీలపు నేపథ్యముతో, తన కడుపులో లతలను, పక్షులను, ఒక్కొక్కచో మనుష్యులను సైతము నిలుపుకొనిన ఆ మొదటి యక్షరమును కన్నార్పక పరికించినవారిలో మీరును ఒకరై యుందురు. అట్టిది నేనును ఒకటి వేయగలనా యను కోరిక పుట్టిన మరుక్షణముననే, ‘నాకు బొమ్మలు రావు, నా చేయి వణకును, ఇది పుట్టుకతో రావలసిన విద్య’ అని మీకు మీరే సమాధానము చెప్పుకొని ఆ పుటను త్రిప్పివేసియు నుందురు. ఆ సమాధానము సరియైనదేనా? కాదని నా నిశ్చితాభిప్రాయము. చిత్రాక్షరమునకు ప్రతిభకంటె ముందు కావలసినది క్రమము. ఏ పని పిదప ఏ పని చేయవలెనో తెలిసికొని, ఒకటి పూర్తిగా ఆరిన పిమ్మట గాని రెండవదానికి చేయి చాపకుండుటయే ఈ విద్యలో ముప్పాతిక భాగము.

ఈ మాటకు ఆ వ్రాతప్రతులే సాక్ష్యము. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఇంచుమించు 1450 నాటి నమూనా పుస్తక మొకటి కలదు. ఆకులను తీగలను ఎట్లు గీయవలెనో, ఏ రంగు ముందు పూసి ఏ రంగుతో నీడ తేవలెనో, తెల్లగీతలు ఎప్పుడు పెట్టవలెనో అందులో దశలవారీగా బొమ్మలతో చూపబడినది. పుట్టుకతో వచ్చిన ప్రతిభయే చాలునన్నచో అట్టి పుస్తకముతో ఎవరికి పని? ఇంగ్లండులోని వించెస్టరు కెతీడ్రలు నందున్న 12వ శతాబ్దపు మహాబైబిలు అసంపూర్ణముగా నిలిచిపోయినది. అందుచేత దానిలోని కొన్ని యక్షరములు కేవలము గీతలుగానే యున్నవి, కొన్నింటికి బంగారము మాత్రమే అతికింపబడి రంగులు పడలేదు, కొన్ని సంపూర్ణములు. పూర్తియైన పుట మనకు ఆనందము నిచ్చును గాని, పని నేర్పునది సగములో ఆగిన పుటయే. ఇక 8వ శతాబ్దపు తొలినాళ్ళలో, బిషప్పు ఈడ్‌ఫ్రిత్ వ్రాసినదని పేరొందిన లిండిస్‌ఫార్న్ సువార్తల పుటలను వెనుకకు త్రిప్పి చూచిన పండితులకు, చర్మముపై వృత్తలేఖిని గ్రుచ్చిన సన్నని రంధ్రములు కనబడినవి. అంతటివాడు కంపాసును, కొలతను వాడగా లేనిది, మనకు స్కేలు పట్టుటకు నామోషీ యేల?

ఇప్పుడొక చిన్న సన్నివేశము నూహింపుడు. ఒక ఉపాధ్యాయిని తన పాఠశాల వార్షికోత్సవ ప్రశంసాపత్రముపై మొదటి యక్షరమును ఈ రీతిని తీర్చదలచినది. ఆమె చేసిన మొదటి పని బంగారు రంగు పెన్ను కొనుట. రెండవది, సాధారణమైన టైపు కాగితముపై నేరుగా ఒక నెమలిని గీయుట. నెమలి చక్కగనే వచ్చినది. దాని చుట్టు అక్షరమును ఇమిడ్చుటకు చోటు చాలలేదు. రంగు పూయగానే కాగితము ముడుతలు పడినది, బంగారు పెన్ను గీత ఎండి మట్టిరంగుగా మారినది. ఆమెకు చిత్రలేఖనము రాదని ఎవరైనను అనగలరా? నెమలి బాగుగనే యున్నదిగదా! పని తలక్రిందుగా జరిగినది, అంతే. అక్షరము ఇల్లు, నెమలి అందు కాపురముండవలసినది.

సామగ్రి మాట క్లుప్తముగా చెప్పెదను. ఇందు ఎక్కువ ధనము వెచ్చించుట అనవసరము. దూడ, గొర్రె, మేక చర్మములను సున్నపు నీట నానబెట్టి, గీకి, చట్రమునకు బిగించి ఆరబెట్టిన పత్రములపై నాటివారు వ్రాసిరి. మీకు 300 జి.ఎస్.ఎం. మందముగల నున్నని వాటర్‌కలర్ కాగితము చాలును. దుకాణములో ‘హాట్‌ప్రెస్’ అని యడుగుడు, గరుకు కాగితము వలదు. గువాష్ రంగులలో అల్ట్రామెరీన్ నీలము, వెర్మిలియన్ ఎరుపు, ఒక ఆకుపచ్చ, నలుపు, తెలుపు కొనుడు. తెలుపు త్వరగా అయిపోవును గనుక రెండు గొట్టములు. గువాష్ దొరకని యూళ్ళలో పిల్లల పోస్టరు రంగులతోనైనను అభ్యాసము సాగించవచ్చును. సున్న, ఒకటి, మూడు నంబర్ల గుండ్రని కుంచెలు, సన్నని పాళీ, నీటికి చెదరని నల్లసిరా, బంగారు రేకు, బటర్ పేపరు: ఇంతియే.

నాటి రంగులే కావలెనను ముచ్చట కొందరికి కలుగును. వారికొక హెచ్చరిక. ఆ చిత్రములలోని ఎరుపు ఇంగిలీకము, అనగా పాదరస గంధకముల కూడిక. పసుపు హరిదళము, అందున్నది పాషాణము. నారింజవన్నె సిందూరము సీసమునుండి పుట్టినది, నాటి తెలుపును సీసపుదే. మన వైద్యులకును చిత్రకారులకును చిరపరిచితములైన ఈ ద్రవ్యములు అందముగా నుండునంత మాత్రాన వంటింటి బల్లపై నూరదగినవి కావు. ఆఫ్ఘనిస్తానమునందలి బదఖ్షాన్ గనులనుండి వచ్చిన రాజావర్తపు నీలము ఒక్కటి యంతటి ప్రమాదకారి కాదు గాని, అది నాడును నేడును మిక్కిలి ప్రియము. గొట్టములోని అల్ట్రామెరీన్ ఆ నీలమునకే కృత్రిమ రూపము, దానితో తృప్తిపడుడు. ఏ రంగైనను సరియే, కుంచె మొనను పెదవులతో తడిపి సవరించు నలవాటు మీకున్నచో ఈ దినమే మానుడు.

ఇక పనిలోనికి దిగుదము.

1. అక్షరము నెన్నుకొనుడు. మొదటిసారికి లాటిను అక్షరమాలలోని పెద్ద ‘డి’ మేలు. దానికొక నిలువు స్తంభము, ఒక విశాలమైన పొట్ట. పొట్టలోపల అలంకారమునకు సమృద్ధిగా చోటు. ‘ఎస్’ జోలికి పోవలదు, దాని రెండు వంపులు సమముగా నిలుపుట అనుభవజ్ఞులకే కష్టము. ‘ఎమ్’లో లోపలి చోటు ముక్కలైపోవును. మీ పేరు ఏ యక్షరముతో మొదలైనను సరే, మొదట ‘డి’యే వేయుడు.

2. చిన్నదిగా వేయవలదు. నేర్చుకొనువారు చేయు తప్పులలో ఇది మొదటిది. చిన్నదైనచో సులువను భ్రమతో రెండు సెంటీమీటర్ల యక్షరమునకు పూనుకొందురు, తెల్లగీత పెట్టు దశకు వచ్చునప్పటికి కుంచెకు చోటుండదు. ఎనిమిది సెంటీమీటర్ల చదరపు చట్రము గీసి, అందులో ఆరు సెంటీమీటర్ల ఎత్తుగల అక్షరమును నిలుపుడు. స్తంభపు లావు ఒక సెంటీమీటరు, పొట్ట నడుమ ఇంకొంచెము హెచ్చు. స్తంభము నడుమ కించిత్తు సన్నబడి, తుదల విప్పారవలెను. ఇదంతయు చిత్తు కాగితముపై జరుగవలెను గాని మంచి కాగితముపై కాదు.

3. అలంకారమును ఆ పిదప ఆలోచింపుడు. పొట్టలో ఒకే యొక తీగ చాలును. అది అక్షరపు స్తంభమునుండి మొలచి, ఒక చుట్టు తిరిగి, నడుమ ఒక పువ్వుగానో మూడాకులుగానో ముగియవలెను. చుట్టునకు కంపాసు వాడుడు. తీగ గాలిలో తేలరాదు, అక్షరమునుండి పుట్టినదై కనబడవలెను. ఆ చిత్తు ప్రతిని గోడకానించి గది యావలి కొసనుండి చూడుడు. ‘డి’ అని ఇంటిలో ఎవరైనను తడుముకొనక చదివిరా? చదువలేకపోయినచో తీగను తగ్గింపుడు. 800 ప్రాంతపు కెల్స్ సువార్తల గ్రంథములో పుటనంతయు నావరించిన అక్షరములు కొన్ని వెంటనే చదువరాకుండుట నిజమే. అయితే ఆ గ్రంథమును చదువువారికి ఆ వాక్యములు కంఠస్థములు. మీ పాఠకునికి ఆ సౌకర్యము లేదు.

4. మంచి కాగితముపైకి దింపుడు. ట్రేసింగు కాగితము వెనుక పెన్సిలు పూసి, గీతల వెంబడి నొక్కి, అచ్చును దింపిన పిమ్మట, నీటికి చెదరని సిరాతో సన్నగా గీయుడు. సిరా బాగుగా ఆరిన తరువాత పెన్సిలు గుర్తులను రబ్బరుతో తుడుపుడు. రబ్బరు పని ఇక్కడికి సరి. రంగు పడిన తరువాత రబ్బరు ముట్టినచో రంగు లేచివచ్చును, బంగారము గీతలు పడును.

5. బంగారము. రంగులకు ముందే బంగారమేల? దీనికి బలమైన కారణములు రెండు. రంగులో కలసిన బంకకు, గ్రుడ్డు సొనకు బంగారు రేకు అంటుకొను గుణము కలదు. ముందు రంగు పూసినచో రేకు అక్కరలేని చోటనెల్ల అతుకును. రెండవది, అతికించిన బంగారమును రాతితో మెరుగుపెట్టునపుడు ప్రక్కనున్న రంగు నలిగి చెడును. వించెస్టరు బైబిలులో బంగారము పడి రంగు పడని యక్షరములు ఈ క్రమమునకే నిదర్శనము.

నాటివారు మెత్తని సుద్ద, సీసపు తెలుపు, జిగురు, కొంచెము తేనె లేక చక్కెర, గుర్తుకై రవ్వంత ఎఱ్ఱమన్ను కలిపి నూరి, ఆ లేపనమును అక్షరముపై ఉబ్బెత్తుగా పోసి, ఆరిన పిదప రేకు పరచెడివారు. తంజావూరు చిత్రములను చూచినవారికి ఈ సూత్రము క్రొత్త కాదు. సుద్దను బంకతో కలిపి ఎత్తుగా తీర్చి బంగారు రేకు తాపు ఆ పనిలో తెలుగు కుటుంబముల చిత్రకారులెందరో ఆరితేరిరి. మీరు నేర్చుకొను దశలో ఇంత శ్రమపడనక్కరలేదు. ఫెవికాల్‌ను సమభాగము నీటితో పలుచన చేసి, పూసిన చోటు కంటికి తెలియుటకై ఎఱ్ఱరంగు ఒక చుక్క కలిపి, పాత కుంచెతో అక్షరపు మేనిపై నిండుగా పూయుడు. బుడగలు లేచినచో సూదితో పొడువుడు. ఆరిన తరువాత రెండవ పూత. కుంచెను ఆ క్షణముననే కడుగుడు, లేనిచో ఆ కుంచెకు అదే తుది దినము.

రెండవ పూతయు ఆరినపిదప ఒక కాగితపు గొట్టమునుగాని శీతల పానీయపు స్ట్రాను గాని పెదవులమధ్య నుంచుకొని, జిగురు పూసిన చోటికి చేర్చి, వెచ్చని యూపిరిని దీర్ఘముగా రెండుమూడుమార్లు వదలుడు. ఊదుట వేరు, ఊపిరి వదలుట వేరు. ఊదిన గాలి చల్లనిది, దానితో జిగురు మెత్తబడదు. మధ్యయుగపు పనివారును ఇట్లే గొట్టముతో ఊపిరి వదలి లేపనమును మెత్తబరచెడివారు. ఆ తడి ఆరకముందే రేకును పరచి, పైన బటర్ పేపరు వేసి వ్రేలితో గట్టిగా అదుముడు. అతుకని చోట మరల ఊపిరి, మరల రేకు. తుదకు మెత్తని పొడికుంచెతో మిగులు రేకును దులుపుడు. పల్చని కాగితమునకు అంటించి అమ్ము ‘ట్రాన్స్‌ఫర్’ రేకు దొరికినచో అదియే తీసికొనుడు, వదులు రేకు చేతికి లొంగుట ఆలస్యము. 1400 ప్రాంతమున చిత్రవిద్యపై గ్రంథము వ్రాసిన ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని మెరుగు పెట్టుటకు నునుపైన రాయితోపాటు కుక్క, తోడేలు మొదలైన మాంసాహార జంతువుల దంతములు కూడ పనికివచ్చునని చెప్పియున్నాడు. ఫెవికాల్‌పై నిలిపిన రేకునకు మాత్రము రాయియు వలదు, దంతమును వలదు. బటర్ పేపరు మీదుగా వ్రేలి గోటి వెనుకభాగముతో నిమిరిన చాలును.

మన ఇండ్లలో ఈ పనికి పరమశత్రువు పైకప్పు పంకా. చేతిలోని రేకును చూచుచుండగనే అది ప్రక్కగది చేరును. పంకా ఆపి, కిటికీలు మూసికొని, వేకువనే కూర్చుండుడు. ఆ వేళ గాలిలో కొంచెము తేమ యుండుట జిగురునకు మేలు. రోహిణికార్తె మధ్యాహ్నమున ఈ పని తపస్సే యగును. వానకాలమున కోస్తాలో పూత ఆరుటకు ఒక రేయి పట్టినను కంగారుపడవలదు. ఇంకొక మాట. హైదరాబాదు పాతబస్తీలో సుత్తితో సాగగొట్టి మిఠాయిలపై అద్దు వెండి వరఖు చవుకగా దొరకునుగదా, దానిని వాడరాదా యని తోచును. వాడవలదు. వెండి కాలక్రమమున నల్లబడును. మధ్యయుగపు వ్రాతప్రతులలో వెండి వాడిన తావులు అనేకము నేడు బూడిదవన్నెకు, నలుపునకు తిరిగియున్నవి.

బంగారమన్న భయమా? విడిచిపెట్టుడు. జగత్ప్రసిద్ధమైన ఆ కెల్స్ గ్రంథములో బంగారము లేదు. దాని పసుపు హరిదళముదే. లిండిస్‌ఫార్న్ ప్రతిలో మహాక్షరముల చుట్టు ఎఱ్ఱని చుక్కలను వరుసలుగా పెట్టిరి, ఒక్కొక్క పుటలో అవి వేలకొలది. నల్లని యక్షరము, దాని చుట్టు రెండు వరుసల ఎఱ్ఱచుక్కలు, సమానమైన ఎడముతో: వణకు చేయి కుదురుటకు ఇంతకు మించిన సాధన నా యెరుకలో లేదు.

6. సమరంగు. చట్రములోపల నేపథ్యమునకు నీలము, తీగకు పచ్చ, పువ్వునకు ఎరుపు. రంగు మజ్జిగకంటె చిక్కగా, పెరుగుకంటె పలుచగా నుండవలెను. నీరు హెచ్చినచో మచ్చలు తేలును, తగ్గినచో కుంచె జాడలు నిలుచును. పెద్ద చోట్లు ముందు, చిన్నవి వెనుక. ఈ దశలో మీ యక్షరము చూచుటకు మొరటుగా నుండును, అట్లే యుండవలెను. చాలమంది నిరాశపడి కాగితము నలిపివేయునది సరిగా ఇక్కడనే. నలుపవలదు, మిగిలిన రెండు దశలును దాని రూపమునే మార్చివేయును.

7. నీడ. పచ్చలో కొంచెము నీలము కలిపి తీగకు ఒక ప్రక్క, ఎరుపులో కొంచెము నీలము కలిపి పువ్వు రేకుల మొదళ్ళలో పూయుడు. వెలుతురు ఎడమనుండి వచ్చుచున్నదని నిశ్చయించుకొని నీడనెల్ల కుడివైపుననే యుంచుడు. ఇంతకంటె సిద్ధాంత మవసరము లేదు.

8. అంచుగీత, తెల్లగీత. రంగులు పడుటలో మరుగైన సిరాగీతను నల్లరంగుతో, సున్న నంబరు కుంచెతో తిరిగి తీర్చుడు. బంగారపు అంచున ఈ గీత లేనిదే బంగారము రంగులో కలిసిపోయినట్లు కనబడును. గీత లావైనచో అద్దపు కిటికీ బొమ్మవలె మొద్దుబారును. పిమ్మట తెలుపు. నీలపు నేపథ్యముపై మూడేసి చుక్కల గుంపులు, తీగ వీపు వెంబడి వెండ్రుకవంటి తెల్లగీత, ఆకు తుదలందు చిన్న మెలిక. ఈ తెల్లగీతలే చిత్రాక్షరమునకు మధ్యయుగపు కళను తెచ్చునవి. ముందుగా చిత్తు కాగితముపై ఒక పుటనిండ తెల్లగీతలు అభ్యసించి, ఊపిరి బిగబట్టక, మోచేతిని బల్లపై ఆనించి, ఒక్కొక్క గీతను ఒకే లాగులో గీయుడు. ఎక్కడ ఆపవలెను? ఇంకొక చుక్క పెట్టిన బాగుండునని తోచిన తావుననే ఆపుడు.

ఇదంతయు ఒక్క పూటలో ముగియవలెనా? ముగియరాదు. ఉద్యోగస్థుడొకడు ఆదివారమొక్కటే తీరిక యనుకొని, ఉదయము గీతతో మొదలుపెట్టి సాయంకాలమునకు తెల్లగీతలదాక పరుగెత్తినచో, ఆరని నీలముపై తెలుపు పడి లేతనీలమై కూర్చుండును. అదే మనుష్యుడు రాత్రి భోజనానంతరము అరగంట చొప్పున, ఒకనాడు గీత, ఒకనాడు జిగురు, మరునాటి వేకువ బంగారము, పిదప రంగు అని పంచుకొనినచో వారము తిరుగునప్పటికి అక్షరము సిద్ధము. నాటి కార్ఖానాలలో వ్రాయువాడొకడు, రంగులు వేయువాడు మరొకడు అగుటయు కలదు. ఇక్కడ అందరును మీరే. కాబట్టి ఒక్కొక్క దినము ఒక్కొక్క పనివాడై కూర్చుండుడు.

తప్పు పడినచో ఏమి చేయవలెను? బంగారముపై రంగు చిందినచో ఆరనిచ్చి, తడి చేసిన కుంచె మొనతో మెల్లగా ఎత్తివేయుడు. తెల్లగీత వంకరపోయినచో ఆరిన పిదప దానిపై నేపథ్యపు రంగు వేసి మరల గీయుడు. గువాష్ అందులకు ఒప్పుకొనును. అక్షరపు రూపమే తప్పినచో మాత్రము ఏ యుపాయమును లేదు, కొత్త కాగితము తీయుడు. మొదటి మూడు మెట్లపై నేనింత పట్టుపట్టుటకు హేతువిదియే.

మన తెలుగక్షరములను ఇట్లు తీర్చవచ్చునా యని మీరడుగుదురు. గంటముతో తాటాకుపై గీసి మసి పూయు వ్రాతలో ఈ సంప్రదాయము పెరుగుటకు అవకాశము లేకపోయినది గాని, కాగితముపై తీర్చుటకు ఏ యడ్డంకియు లేదు. మన యక్షరపు గీత అంతటను ఒకే లావుగా సాగును గనుక, ఎడమ కుడి వంపులయందు దానిని బలిపించి, పైనను క్రిందను సన్నగింపుడు. అప్పుడు బంగారము నిలుచుటకు మేను దొరకును. తలకట్టు కొసనుండి తీగ మొలపించుట మిక్కిలి సహజముగా నమరును. అక్షరము నెన్నుకొనుటలో మాత్రము ‘డి’కి చెప్పిన నియమమే: లోపల గుండ్రని ఖాళీ గలదానిని పట్టుకొనుడు. ‘ర’ మంచిది, ‘ఠ’ ఇంకను మంచిది. శ్రీకారముతో మొదలుపెట్టుట మన యాచారమే యైనను, గుడిదీర్ఘము, క్రారవడి, వంపుమీద వంపుతో అలంకారమునకు గోరంత చోటు మిగల్చని ఆ యక్షరమును మొదట పట్టుకొనినవారు సాధారణముగా రెండవ యక్షరమునకు రారు. ముందు ‘ర’ వేయుడు, ఆపైన ‘ఠ’, ఆపైన మీ పేరులోని యక్షరము. శ్రీకారమును చేయి కుదిరిన పిమ్మట వేయుడు.